నిలబడ్డ పంట

జూలై 12, 2025. శనివారం. మధ్యాహ్నం 1.20

ఈ నోట్‌బుక్ ట్రైనింగ్ వాళ్ళు ఇచ్చారు, నోట్సు రాసుకోమని. నోట్సు మూడు పేజీల్లో అయిపోయింది. మిగతాది నేను వాడుకుంటున్నాను.

నిజామాబాద్ హెడ్డాఫీసు, రెండో అంతస్తు హాలు. పదిమందిమి, పది లాప్‌టాప్‌లు. మాది చిన్న సహకార బ్యాంకు, పద్నాలుగు బ్రాంచీలు. బ్యాంకు డబ్బులో కొంత గవర్నమెంట్ బాండ్లలో పెట్టాలి, అది రూలు. ఆ పని చూసే ట్రెజరీ ఆఫీసరు ఈ ఏడాదే రిటైరవుతున్నాడు. ఆ సీటుకు మనిషిని ఎంచడానికి ఈ గేమ్. నెలలో రెండో శనివారం, నాలుగో శనివారం, మొత్తం ఆరు రోజులు. ఎక్కువ లాభం చూపించినవాళ్ళకు సీటు.

నాకు ఆ సీటు కావాలి. ఎనిమిదేళ్ళుగా బోధన్ బ్రాంచిలో క్యాష్ కౌంటర్ మీదే ఉన్నాను. కుడిచేతి బొటనవేలు మొద్దుబారిపోయింది. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి దాచడం దేనికి, ఈ పదిమందిలో నాకంటే లెక్కలు వచ్చినవాళ్ళు లేరు.

ట్రైనర్ భానుప్రసాద్ హైదరాబాద్ నుంచి వచ్చాడు. పొద్దున్నుంచీ చెప్పింది ఇంతే. గవర్నమెంటు వంద రూపాయలు అప్పు తీసుకుని కాగితం ఇస్తుంది. ఏడాదికి ఏడు రూపాయల ఇరవై పైసలు వడ్డీ, ఆరు నెలలకొకసారి సగం సగం. గడువు తీరాక వంద వెనక్కి. ఈలోపు ఆ కాగితం చేతులు మారుతుంది. బయట వడ్డీ రేట్లు పెరిగితే పాత కాగితం ధర తగ్గుతుంది. ఎందుకు తగ్గాలని స్నేహలత మూడుసార్లు అడిగింది. ఆమెది ఆర్మూర్ బ్రాంచి. నాలుగోసారి గంగన్న పెద్దబాపు చెప్పాడు, పక్క షాపువాడు ఎక్కువ తూకం ఇస్తుంటే మనం ధర తగ్గించకుండా ఎవరొస్తారమ్మా అని. హాలంతటికీ ఒక్కసారే అర్థమైంది. భానుప్రసాద్ కూడా రాసుకున్నాడు.

అదే రోజు. సాయంత్రం 5.50, బస్సులో

పెద్దబాపు పక్క సీట్లో కళ్ళు మూసుకున్నాడు. ఆయన నాకు చుట్టమేం కాదు. బోధన్‌లో మాదీ వాళ్ళదీ ఒకటే చర్చి. మా నాన్నకు అన్నలాంటివాడు. నాన్న పోయిన ఏడాది ఈ ఉద్యోగానికి నా అప్లికేషన్ నింపి, డీడీ తీసి, తనే వెళ్ళి ఇచ్చి వచ్చాడు. ఆఫీసులో సార్ అంటాను, బయట పెద్దబాపు.

ఆయనకు ట్రెజరీ సీటు అక్కర్లేదు. వచ్చే జూన్‌లో రిటైర్మెంట్. ఆయన కావాలంటున్నది ఒక్కటే. మోస్రా బ్రాంచిలో రెండేళ్ళ నుంచి ఇన్‌చార్జి మేనేజరు. ఇన్‌చార్జి అంటే పని మొత్తం చెయ్యాలి, బోర్డు మీద పేరు మాత్రం ఉండదు. ఈసారి మేనేజర్ల లిస్టు అక్టోబరులో వస్తుంది. అందులో ముప్పై మార్కులు ఈ గేమ్‌వి. ముందు ఐదుగురిలో ఉంటే చాలు, మిగతా మార్కులు ఆయన సర్వీసుకే వచ్చేస్తాయి. ఎడపల్లి దాటాక కళ్ళు తెరవకుండానే అన్నాడు, ఇన్‌చార్జి అన్న మాట కొట్టేసి ఒక్క పూట కూర్చున్నా చాలని.

జూలై 26. శనివారం. మధ్యాహ్నం 3.30, టీ టైం

దొరికింది.

గేమ్‌లో అమ్మడానికి రెండు దారులు. ఒకటి స్క్రీన్. అక్కడ ధర కొడితే, పోయిన వడ్డీ తేదీ నుంచి ఈరోజు దాకా పేరుకున్న వడ్డీ దానంతట అదే కలుస్తుంది. కొనేవాడు ఆ వడ్డీ కూడా అమ్మేవాడికి ఇవ్వాలి, అన్ని రోజులు కాగితం పట్టుకుని కూర్చున్నది అతనే కాబట్టి. రెండోది విండో. అక్కడ ఇద్దరు మనుషులు నేరుగా బేరమాడుకుంటారు. ఏ అంకె కొడితే అంతే, ఏదీ కలవదు. వడ్డీ మనమే కలుపుకుని ధర చెప్పాలి. భానుప్రసాద్ ఇది మొదటి రోజు ఒక స్లైడ్‌లో చూపించి తిప్పేశాడు.

పొద్దున పెద్దబాపుకు గేమ్ నుంచి మెసేజ్ వచ్చింది, నీ బ్రాంచికి క్యాష్ కావాలి, మొదట్లో అందరికీ ఇచ్చిన పాత బాండ్లలో కోటి రూపాయలవి అమ్ము అని. ఆయన విండోలో నాకు పెట్టాడు. ధర తొంభై ఎనిమిది. నేను కొన్నాను. అదే కాగితాన్ని స్క్రీన్‌లో తొంభై ఎనిమిదికే అమ్మేశాను. ఐదు నెలల వడ్డీ కలిసి నూటొక్క రూపాయి వచ్చింది. వందకు మూడు. కోటికి మూడు లక్షలు. ఒక నిమిషం పట్టింది, రిస్క్ ఏమీ లేదు.

ముందు ఏదో టైపింగ్ తప్పనుకున్నాను. మధ్యాహ్నం మళ్ళీ అలాగే పెట్టాడు.

సాయంత్రం 6.05, బస్సులో

అడిగాను. నేరుగా అడగలేదు. విండోలో ధర ఎలా కడుతున్నారు పెద్దబాపూ అన్నాను, నేర్చుకునేదానిలా.

ఆయన వాళ్ళ నాన్న సంగతి చెప్పాడు. మోస్రా దగ్గర వాళ్ళకు రెండెకరాలు ఉండేదట. పెళ్ళి ఖర్చులకు గుంటూరు వైపు నుంచి వచ్చిన రైతుకు అమ్మారు. అప్పటికి చేలో చెరకు పది నెలలది, ఇంకో రెండు నెలల్లో నరకాలి. కొన్నాయన మర్యాదస్తుడు, చెరకు మీరే కొట్టుకోండి అన్నాడట. వాళ్ళ నాన్న వద్దన్నాడు. భూమి ఇచ్చాక దాని మీద నిలబడ్డ పంటకు వేరే లెక్క కట్టడం ఇజ్జత్ కాదన్నాడు. వాళ్ళ ఊళ్ళో అందరిదీ అదే పద్ధతట. ఆ తర్వాత కొన్నాయన బతికినంత కాలం ఏటా ఇంత బెల్లం పంపేవాడట.

"అమ్మినంక నిలబడ్డ పంట కొన్నోనిదే బిడ్డా. గా వడ్డీ సుత గంతే గదా" అన్నాడు.

డిపాజిట్ మీద వడ్డీ అయితే ఆయన రోజుల లెక్కన పైసలతో సహా చెబుతాడు. కానీ డిపాజిట్‌ను ఎవరూ ఇంకొకరికి అమ్మరు. అమ్మకం అనగానే ఆయనకు భూమి గుర్తొస్తుంది. ముప్పై ఏళ్ళు పంట లోన్లు ఇచ్చిన మనిషి. కొత్త కాగితాలే కొంటాడు కాబట్టి, వాటి మీద ఇంకా వడ్డీ పేరుకుని ఉండదు, ఆ తేడా ఆయన దాకా రావడం లేదు.

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. జానకంపేటలో బస్సు ఆగింది, జనం ఎక్కారు. మళ్ళీ నోరు తెరవలేదు.

జూలై 27. ఆదివారం

చర్చిలో పెద్దబాపు ప్రార్థన చేశాడు. బ్యాంకులో ట్రైనింగ్‌కు వెళ్తున్న బిడ్డను దీవించమన్నాడు. షారోన్ అని పేరు చెప్పలేదు గానీ అమ్మ నా మోచేతిని నొక్కింది.

వచ్చే ట్రైనింగ్ రోజు చెప్పేస్తాను.

ఆగస్టు 9. శనివారం. మధ్యాహ్నం 1.10

రాఖీ రోజున కూడా ట్రైనింగా అని స్నేహలత గొడవ. భానుప్రసాద్ మణికట్టుకు రాఖీతోనే వచ్చాడు.

ఈరోజు పాఠం ఆర్బిట్రేజ్. ఒకే వస్తువుకు రెండు చోట్ల రెండు ధరలుంటే చౌక చోట కొని ప్రియం చోట అమ్మడం. రిస్క్ లేని లాభం. ఇలాంటివి మార్కెట్‌లో ఎక్కువసేపు ఉండవు, ఎవరో ఒకరు చూసి పట్టుకుంటారు, ధరలు సర్దుకుంటాయి అన్నాడు. ఈ మనిషికి నా డీల్స్ కనబడుతున్నాయా?

చెయ్యెత్తి అడిగాను. అవతలివాడికి ఏమవుతుంది సార్ అని.

నవ్వాడు. అవతలివాడు నేర్చుకుంటాడు అన్నాడు.

ఎలా నేర్చుకుంటాడు? మాకు ప్రతి ట్రైనింగ్ రోజు చివర మొత్తం విలువ ఒక్కటే చూపిస్తారు. ఏ డీల్‌లో ఎంత పోయిందో చూపించరు. ఎవరో ఒకరు చెప్పాలి. ఆ ఎవరో నేనే.

ఈరోజు పెద్దబాపు కోటి చొప్పున రెండు లాట్లు అమ్మాడు. రెండూ నాకే. కిషోర్‌బాబు విండోలో ఎక్కువ ధర ఇస్తానని పెట్టినా ఆయన వెళ్ళలేదు. ఎందుకంటే మనోళ్ళకే ఇద్దామని.

నేను మూడో స్థానం. కిషోర్‌బాబు మొదటి స్థానం. పెద్దబాపు ఏడు.

ఆగస్టు 10. ఆదివారం

చెప్పలేదు.

ఆగస్టు 23. శనివారం. సాయంత్రం 4.45

రెండో స్థానం. కిషోర్‌బాబుకు నాకు నాలుగు లక్షలే తేడా, గేమ్ లక్షలు. అతనిదీ బోధనే. తాతలు తెనాలి వైపు నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్నారు. ఓడిపోతున్నా గెలుస్తున్నా ఒకేలా మాట్లాడతాడు. ఈరోజు నా దగ్గరకు వచ్చి, మీరు బాగా ఆడుతున్నారండీ, ఎక్కడ లాగుతున్నారో నాకు అంతుపట్టట్లేదు అన్నాడు. కష్టపడుతున్నానని చెప్పాను.

పెద్దబాపు తొమ్మిది.

ఆగస్టు 31. ఆదివారం. సాయంత్రం 4 గంటలు

చర్చి అయ్యాక పెద్దబాపు ఇంటికి వచ్చాడు. వారమంతా కురిసిన వాన ఈరోజే తెరిపిచ్చింది. చేతిలో పొడుగు లెక్కల పుస్తకం, బ్యాంకులో పాత రోజుల్లో వాడేది. అమ్మ చాయ్ పెట్టింది. ఆయన మంచం మీద కూర్చుని పుస్తకం నా ముందు తెరిచాడు.

నాలుగు పేజీల నిండా లెక్కలు. ఒక్కో బాండ్‌కూ రాబోయే ప్రతి వడ్డీని, ఆఖరి వందను పోయిన వడ్డీ తేదీ నాటి విలువకు దించి, కూడి, ధర కట్టాడు. చేత్తో, కాలిక్యులేటర్ లేకుండా, రెండు దశాంశాల దాకా. నేను ఒక్కొక్కటే చూశాను. ఒక్క తప్పు లేదు. కిషోర్‌బాబు కంప్యూటర్‌తో చేసేది ఈయన పెన్సిల్‌తో చేశాడు. ప్రతి పేజీలో ఆఖరి గీత కింద ఒక్క కూడిక మాత్రం లేదు, ఆ తేదీ నుంచి ఈరోజు దాకా పేరుకున్న వడ్డీది.

"నేనేడ తప్పుతున్న బిడ్డా?" అన్నాడు.

నా వేలు ఆ గీత కిందే ఉంది. ఇక్కడ పెద్దబాపూ అంటే చాలు. రెండు మాటలు.

లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి, రేట్లు పెరుగుతున్నాయి కదా, అందరి పరిస్థితీ ఇదే అన్నాను.

ఆయన నమ్మాడు. పుస్తకం మూసి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి, నువ్వన్నా గెలువు బిడ్డా అని లేచాడు. అమ్మ గుమ్మం దాకా వెళ్ళింది. నేను మంచం మీదే ఉండిపోయాను.

నేను అబద్ధాలాడే మనిషిని కాననుకునేదాన్ని. కౌంటర్‌లో ఎవరైనా పది రూపాయలు ఎక్కువ ఇస్తే పిలిచి మరీ ఇస్తాను. అది నా పేరు, బోధన్ బ్రాంచిలో. అక్కడ ఎక్కువ వచ్చిన పది రూపాయలతో నాకు పని లేదు. అంతే.

సెప్టెంబరు 13. శనివారం. మధ్యాహ్నం 1.15

ఈరోజు ఆయన దగ్గర కొననని పొద్దున బస్సులోనే ఒట్టు పెట్టుకున్నాను. పదకొండింటికి విండోలో వచ్చింది. తొంభై ఆరు, రెండు లాట్లు. కింద మెసేజ్, తీసుకో బిడ్డా అని. ఐదు నిమిషాలు చూస్తూ ఉన్నాను. నేను తీసుకోకపోతే కిషోర్‌బాబు తీసుకుంటాడు అనుకున్నాను. ఇది అబద్ధమని నాకు తెలుసు. ఆ విండో నా ఒక్కదానికే తెరిచి ఉంది.

తీసుకున్నాను.

సాయంత్రం 4.50

మొదటి స్థానం.

సంతోషం వేసింది. ఇది కూడా రాయాలి. బాగా సంతోషం వేసింది. బోర్డు మీద పైన ఉన్న నా పేరును రెండుసార్లు చదువుకున్నాను. ఎనిమిదేళ్ళలో ఆ బ్యాంకులో నా పేరు ఎక్కడా పైన లేదు.

పెద్దబాపు పది. వచ్చి అభినందించాడు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగాడు. మోకాళ్ళ నొప్పట.

సెప్టెంబరు 26. శుక్రవారం. లంచ్ టైం

రేపు ఆఖరిది. లెక్క వేసి చూశాను. ఇప్పుడు ఆయనకు వడ్డీ సంగతి తెలిసినా, రేపు అమ్మకాలన్నీ సరైన ధరకు చేసినా, ఏడో ఎనిమిదో వస్తాడు. ఐదు రాదు. ఇప్పుడు చెప్పడం వల్ల లాభం లేదని తేలింది. ఈ లెక్క వేసింది ఎవరి కోసమో నాకు బాగా తెలుసు.

అయినా చెబుతాను. రేపు ఆఖరి డీల్ అయ్యాక, హాల్లోంచి బయటకు రాగానే, మెట్ల దగ్గర. అప్పుడు చెప్పడం తేలిక.

సెప్టెంబరు 27. శనివారం. ఉదయం 8.20, బస్సులో

ఉడకబెట్టిన పల్లీలు తెచ్చాడు. సగం నా చేతిలో పోశాడు. తిన్నాను.

అదే రోజు. సాయంత్రం 7 గంటలు, ఇల్లు

వరసగా రాస్తాను.

మూడున్నరకు గేమ్ ఆగింది. నేనే మొదటి స్థానం. జి.ఎం. సార్ వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. భానుప్రసాద్ లైట్లు ఆర్పించి, ఇప్పుడు ఎవరెవరికి లాభం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం అన్నాడు. గోడ మీద విండో డీల్స్ లిస్టు పడింది. అమ్మినవారు, కొన్నవారు, ధర, అసలు ఉండాల్సిన ధర.

గంగన్న, షారోన్. గంగన్న, షారోన్. గంగన్న, షారోన్. పదకొండు వరసలు.

మొత్తం ఇరవై ఆరు లక్షలు. నాకూ కిషోర్‌బాబుకూ తేడా పంతొమ్మిది. చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది.

భానుప్రసాద్ కర్రతో చూపిస్తూ మెచ్చుకున్నాడు. రెండో రోజే తేడా పట్టేసింది, ఎవరికీ తెలియనివ్వలేదు, ఒక్కసారి కూడా అత్యాశపడి ఎక్కువ లాట్లు అడగలేదు, ట్రెజరీలో కావలసింది ఈ క్రమశిక్షణే అన్నాడు. చప్పట్లు కొట్టించాడు. జి.ఎం. సార్ వెనక్కి తిరిగి, ముప్పై ఏళ్ళు వడ్డీలు కట్టినవాళ్ళకు వడ్డీ కలపడం రాలేదా గంగన్నా అన్నారు. కొందరు నవ్వారు. కిషోర్‌బాబు నవ్వలేదు. తల వంచుకుని వైర్లు చుడుతున్నాడు.

పెద్దబాపు గోడనే చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ఒక్కో వరసా చదువుతున్నాడు. ఆఖరి వరస దాకా చదివి, అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

బస్సులో పక్కనే కూర్చున్నాడు. అలవాటు ప్రకారం కిటికీ వైపు నాకు వదిలాడు. నేను చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపాడు. తర్వాత అడిగాడు.

"ఎప్పటి సంది తెలుసు నీకు?"

రెండో శనివారం నుంచి అన్నాను.

"నేను మా నాయిన ముచ్చట చెప్పిన్నాటి సంది."

అవునన్నాను.

"డబ్బు గేమ్‌దే. పోతే పోయింది. నా పుస్తకం సూస్తివి గదా బిడ్డా. మీ ఇంట్ల, నీ పక్కన కూసుని అడిగితి గదా."

గొంతు పెంచలేదు. తిట్టలేదు. నేను ఏడ్చాను. బస్సులో అందరూ చూస్తున్నారు. ఆయన ఓదార్చలేదు. జానకంపేటలో ముందు సీటు ఖాళీ అయింది. లేచి వెళ్ళి అందులో కూర్చున్నాడు. బోధన్ దాకా ఆయన తల వెనక భాగం చూస్తూ వచ్చాను. వెంట్రుకలు పూర్తిగా తెల్లబడ్డాయి. ఎప్పుడూ పక్కనుంచే చూశాను కాబట్టి తెలియలేదు.

సెప్టెంబరు 28. ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. జ్వరమని అమ్మకు చెప్పాను. నుదురు పట్టుకుని చూసి, జ్వరం లేదంది.

సెప్టెంబరు 30. మంగళవారం. ఉదయం

అమ్మకు అంతా చెప్పాను. బియ్యం ఏరుతూ విన్నది. నేను బాండ్లూ వడ్డీలూ వివరించబోతే అవసరం లేదంది. చివర ఒక్కటే అడిగింది, మనింటికి వచ్చి అడిగిన రోజు కూడా చెప్పలేదా అని. ఇద్దరూ అదే అడిగారు. డబ్బు సంగతి ఎవరూ అడగలేదు.

అక్టోబరు 8. బుధవారం. మధ్యాహ్నం 2 గంటలు

రెండు లిస్టులూ వచ్చాయి. ట్రెజరీ ఆఫీసర్‌గా షారోన్, బోధన్ బ్రాంచి. మోస్రా మేనేజర్‌గా కిషోర్‌బాబు. గంగన్న పేరు మేనేజర్ల లిస్టులో లేదు. నాలుగు మార్కుల తేడా.

ఆ ఇరవై ఆరు లక్షలు తిరిగి కలిపి చూశాను. ఆయన నాలుగో స్థానం. నేను రెండు.

అక్టోబరు 9. గురువారం

సెలవు పెట్టి హెడ్డాఫీసుకు వెళ్ళాను. జి.ఎం. సార్‌కు మొత్తం చెప్పాను. గంగన్న సార్ లెక్క తప్పు కాదు, నాకు తెలిసీ దాచాను, అడిగితే అబద్ధం చెప్పాను, ఆ మార్కులు మళ్ళీ చూడండి అన్నాను. ఆయన ఓపిగ్గానే విన్నారు. గేమ్ రూల్స్ ప్రకారం తప్పేం జరగలేదన్నారు. లిస్టు బోర్డు ఆమోదం పొందిందన్నారు. సీటు వదులుకుంటానంటే గంగన్న సార్‌కు మేనేజరు వస్తుందా అని అడిగాను. రాదు, స్నేహలతకో ఇంకొకరికో నీ సీటు పోతుంది, అంతే అన్నారు. ఆలోచించుకుని పన్నెండో తారీఖు లోపు చెప్పమన్నారు.

కంఠేశ్వర్ దాకా నడిచాను. గుడి దగ్గర ఆటోవాళ్ళు ఎక్కడికమ్మా అని అడుగుతూనే ఉన్నారు.

అక్టోబరు 12. ఆదివారం

వదులుకోలేదు.

కారణాలు రాద్దామని కూర్చున్నాను. మూడు రాసి కొట్టేశాను. వదులుకుంటే ఆయనకేమీ రాదు, నిజమే. కానీ నేను వదులుకోకపోవడానికి అది కారణం కాదు. నాకు ఆ సీటు కావాలి. జూలైలో ఎంత కావాలో ఇప్పుడూ అంతే కావాలి.

అక్టోబరు 27. సోమవారం. సాయంత్రం

ఈరోజు మోస్రాలో చార్జి అప్పగించారు. కిషోర్‌బాబు ఫోన్ చేశాడు. ఎందుకు చేశాడో అతనికే తెలియనట్టు మాట్లాడాడు. గంగన్న గారు స్ట్రాంగ్‌రూం తాళాలు, బంగారం లోన్ల రిజిస్టరు, అన్నీ లిస్టు రాసి సంతకం పెట్టించి ఇచ్చారట. మేనేజరు కుర్చీని గుడ్డతో తుడిచి కూర్చోమన్నారట. తర్వాత పక్క టేబుల్ దగ్గరకు వెళ్ళి పంట లోన్ల ఫైలు తెరిచారట.

"నేను ఆ కుర్చీలో కూర్చోలేకపోయానండీ. సాయంత్రం దాకా నిలబడే పని చేశాను" అన్నాడు.

అతను ఏ తప్పూ చెయ్యలేదు. నిలబడ్డాడు. నేను రేపటి నుంచి కొత్త కుర్చీలో కూర్చుంటాను.

నవంబరు 16. ఆదివారం. మధ్యాహ్నం

కోతపండుగ. చర్చిలో వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు, చెరకు గడలు, ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి పెట్టారు. ఆరాధన అయ్యాక వేలం. మా దగ్గర ఈ వేలంలో ఎవరూ సరైన ధరకు కొనరు. వంద రూపాయల గుమ్మడికాయను వెయ్యికి పాడతారు, మళ్ళీ చర్చికే ఇచ్చేస్తారు, మళ్ళీ పాడతారు. చిన్నప్పుడు నాకు ఇది నవ్వులాట. ఈసారి నిలబడి చూశాను. ఒక్క గుమ్మడికాయ నాలుగుసార్లు అమ్ముడైంది. దానికి ధర ఎంతో చెప్పమంటే ఆ హాల్లో ఎవరూ చెప్పలేరు.

వేలం పాడించేది ఎప్పుడూ పెద్దబాపే. ఆయన తెచ్చిన చెరకు కట్టను నేను ఐదు వేలకు పాడాను. చర్చి మొత్తం తిరిగి చూసింది. ఆయన నా వైపు చూశాడు. ఒకటోసారి అన్నాడు. రెండోసారి అన్నాడు. మూడోసారి అనలేదు. కాసేపు ఆగి, ఇది నేను తెచ్చింది, వేలంలో పెట్టడం లేదు, పాస్టరు గారి ఇంటికి అని పక్కన పెట్టించాడు. తర్వాత కోడిని ఎత్తి పట్టుకున్నాడు.

నవంబరు 23. ఆదివారం. ఉదయం 11 గంటలు

నిన్న అమ్మ సకినాలు చేసి స్టీలు డబ్బాలో పెద్దబాపు ఇంటికి పంపింది. ఈరోజు డబ్బా వచ్చింది. ఆయన భార్య పంపింది, వాళ్ళ పనిమనిషి చేత.

శుభ్రంగా కడిగి ఉంది. అమ్మ మూత తీసి లోపల చూసింది. మా ఇళ్ళల్లో డబ్బా ఖాళీగా తిప్పి పంపరు. ఏమీ లేకపోతే చెంచాడు చక్కెరైనా వేస్తారు. అమ్మ డబ్బా అంచు దగ్గర వేలితో తడిమింది. ఏమీ లేదు. మూత పెట్టి అల్మారాలో పై అరలో పెట్టింది, రోజూ వాడేవాటితో కలపకుండా.

తర్వాత పొయ్యి వెలిగించింది.

డిసెంబరు 3. బుధవారం. మధ్యాహ్నం 12.40, ట్రెజరీ

మొదటి నిజమైన డీల్. ఐదు కోట్లు కొన్నాను. ఇక్కడ విండో లేదు, స్క్రీన్ ఒక్కటే. వడ్డీ దానంతట అదే కలిసింది. రెండుసార్లు సరిచూశాను. అమ్మింది ఎవరో కనబడలేదు. రిటైరవుతున్న ఆఫీసరును అడిగాను. అవతలివాళ్ళ పేరు ఈ సిస్టమ్‌లో ఎప్పుడూ కనబడదమ్మా అన్నాడు.

మంచిదే అనుకున్నాను.

అలా అనుకున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను.